పందెము ఒక్కనిది, నష్టము ఇంటిల్లిపాదిది

పాఠ్యభాగము: 2 రాజులు 4:1-7
కలిపి చదువవలసినవి: సామెతలు 13:11; యోహాను 19:23-27; గలతీయులకు 6:1-5; 1 తిమోతి 5:8



క్రిస్మసు పండుగ ముగిసి, క్రొత్త సంవత్సరపు ఆరాధన జరిగిన రెండు వారములకే మన సీమలో సంక్రాంతి వచ్చును. కోతలు అయిపోవును. ధాన్యపు డబ్బు చేతికి వచ్చును. భోగి, సంక్రాంతి, కనుమ, ఈ మూడు దినములును ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెము వరకును, అటు కొల్లేటి లంకల వరకును తోటలలో, పొలములలో కోడిపందెపు బరులు లేచును. బరి ప్రక్కనే గుండాట బల్లలును, పేకాట డేరాలును వెలయును. జంతువులను హింసింపకూడదని 1960వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. జూదము ఆడించకూడదని 1974వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టము చెప్పుచున్నది. పోలీసువారు ఏటేట హెచ్చరికలు చేయుచునే యున్నారు. అయినను బరులు లేచుచునే యున్నవి.

మూడు దినములు గడిచిన తరువాత బరులు మూతబడును గాని ఆట మూతబడదు. ఇప్పుడది జేబులోనికి వచ్చినది. సెల్ ఫోనులో రమ్మీ, సెల్ ఫోనులో క్రికెట్ పందెములు, సెల్ ఫోనులోనే అప్పు. పూర్వము జూదరి ఇల్లు విడిచి వెళ్లవలసి యుండెను. ఇప్పుడు భార్యాబిడ్డలు నిద్రించుచుండగా, వారి ప్రక్కనే పండుకొని, వారి అన్నమును ఒడ్డగలడు.

జూదమాడువానిని గద్దించు ప్రసంగములు మనము చాల విన్నాము. ఈ నెల పాఠము పందెము కాయువాని కొరకు మాత్రమే కాదు, వాని కొరకు ఇంటిలో కాచుకొని కూర్చున్నవారి నిమిత్తము వ్రాయుచున్నాము.

1. అప్పు ఇచ్చినవాడు ఎవరి గుమ్మములోనికి వచ్చెను?

మన పాఠ్యభాగములో ఒక విధవరాలు ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టుచున్నది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దేవునియందు భయభక్తులు గలవాడు. అతడు అప్పు మిగిల్చి చనిపోయెను. అప్పు ఇచ్చినవాడు ఆమె కుమారులిద్దరిని దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియున్నాడు.

ఆ అప్పు ఎట్లు కలిగెనో వాక్యము చెప్పుటలేదు. అది జూదపు అప్పు అని మనము అనరాదు. అయితే ఒక్క సంగతి తేటగా కనబడుచున్నది. అప్పు చేసినది ఒకడు, దాని బరువు పడినది మరి ముగ్గురి మీద. నోటు మీద వేలిముద్ర వేయని పిల్లలు, ఆ నోటు నిమిత్తము తమ స్వేచ్ఛను పోగొట్టుకొనవలసి వచ్చెను.

జూదమును గూర్చిన సత్యము ఇదియే. 2017వ సంవత్సరములో ఆస్ట్రేలియా దేశపు పరిశోధకులు ఈ సంగతిని విచారించి, జూదపు వ్యసనములో చిక్కినవాడొక్కడు సాధారణముగా మరి ఆరుగురిని బాధించునని లెక్కకట్టిరి. మన పల్లెలలో ఆ ఆరుగురు ఎవరో చెప్పుటకు పరిశోధకులు రానక్కరలేదు. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తలిదండ్రులు, హామీ సంతకము పెట్టిన బావమరిది. ఇంటిల్లిపాదియు అందులో ఉన్నారు.

2. ఇంటిలోనుండి ఏమేమి పోవును?

మొదట డబ్బు పోవును. అది అందరికిని కనబడునది. భార్య మెడలోని గొలుసు కుదువకు వెళ్లును. ఆమె పేరట పొదుపు సంఘములో తెచ్చిన అప్పు కుట్టుమిషనుకు గాక పేకముక్కలకు వెళ్లును. తల్లి పింఛను మందులకు రాదు. బిడ్డ ఫీజు రేపు, ఎల్లుండి అని వాయిదాపడును.

రెండవది నమ్మకము పోవును. ఇది డబ్బుకంటె నెమ్మదిగా తిరిగి వచ్చునది. జూదరి మొదట ఓటమిని దాచును, తరువాత అప్పును దాచును, ఆ తరువాత ఆ దాచుటకే అబద్ధము మీద అబద్ధము కట్టవలసి వచ్చును. తాను జీతము ఎంత తెచ్చుచున్నాడో ఇల్లాలికి తెలియదు. ఫోను మ్రోగినప్పుడెల్ల ఆమె గుండె దడదడలాడును. ఇంటిలోనివారు ఒకరితో ఒకరు మాటలాడుట మాని, ఒకరి ముఖము ఒకరు పరీక్షించుట మొదలుపెట్టుదురు.

మూడవది ఆరోగ్యము పోవును. ఇల్లాలికి నిద్ర పట్టదు, అన్నము సహించదు, తలనొప్పి విడువదు. ఆసుపత్రిలో మాత్రలిత్తురు గాని రోగకారణము ఆమె చెప్పుకొనలేదు. ఓడిపోయి వచ్చినవాడు కోపముతో చేయి చేసికొనుటయు కలదు. దిగులు మితిమీరి ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారును కలరు. అది ఆడినవానికే గాక, ఇంటిలోని ఆడవారికిని వచ్చు శోధన.

నాల్గవది పిల్లల బాల్యము పోవును. అప్పు ఇచ్చినవారు వచ్చినప్పుడు, నాన్న ఇంటిలో లేడని చెప్పుమని బిడ్డను గుమ్మములోనికి పంపుదురు. ఆ దినముననే ఆ బిడ్డ అబద్ధము నేర్చుకొనును, తండ్రి యెడల గౌరవమును పోగొట్టుకొనును. పెద్దపిల్లవాడు బడి మాని చెరువు పనికి వెళ్లును. కొందరు పిల్లలు ఆటను అసహ్యించుకొందురు, కొందరు అదే ఆటను నేర్చుకొందురు.

3. మనము చెప్పుకొను సాకులు

"ఇది మన ప్రాంతపు ఆచారము" అని కొందరందురు. పండుగ చేసికొనుట ఆచారమే. పిల్లల పుస్తకములు తాకట్టు పెట్టుట ఏ పెద్దలును మనకు ఆచారముగా నేర్పలేదు.

"రమ్మీ నేర్పుతో ఆడు ఆటయని సుప్రీంకోర్టువారే చెప్పిరి" అని మరికొందరందురు. 1967వ సంవత్సరములో, మన రాష్ట్రపు వ్యాజ్యములోనే, రమ్మీ ముఖ్యముగా నేర్పు మీద ఆధారపడినదని ఆ న్యాయస్థానము చెప్పిన మాట నిజమే. అయితే ఆటపెట్టినవారు దానివలన లాభము తీసికొనుచున్న యెడల సంగతి వేరని కూడ ఆ తీర్పులోనే యున్నది. మన రాష్ట్ర ప్రభుత్వము 2020లో చట్టమును సవరించి, ఆన్‌లైనులో డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడ దేశమంతటికి అట్టి చట్టమునే చేసినది.

చట్టము సంగతి అట్లుండగా, లెక్క చూడుడి. నలుగురు తలకు వెయ్యి రూపాయలతో కూర్చుండిరి. మొత్తము నాలుగు వేలు. ఆట నడుపువాడు ఆటకు నూరు రూపాయల చొప్పున తన వాటా తీసికొనును. నలుబది ఆటలు తిరుగునప్పటికి నాలుగు వేలును అతని పెట్టెలోనికి చేరును. ఎవడు నేర్పరి, ఎవడు కాడు అను ప్రశ్న అక్కడ నిలువదు. పోయినదానిని రాబట్టవలెనని మరల కూర్చుండువాడు మరింత పోగొట్టుకొనును. నెమ్మదిగా కష్టము చేసి కూర్చుకొనినది వృద్ధి పొందునను సంగతి సామెతలు 13:11లో చూడుడి.

"బైబిలులో చీట్లు వేసిరి గదా" అని కూడ మమ్మును అడిగిరి. అపొస్తలులు చీట్లు వేసినది ఒక పనికి ఒకని ఏర్పరచుటకే (అపొ. కార్యములు 1:26). అందులో ఒకని సొమ్ము మరియొకడు అపహరించలేదు. జూదమాడవద్దను మాట ఆ అక్షరములతో బైబిలులో లేదనుట నిజమే. కాని స్వకీయులను, విశేషముగా తన ఇంటివారిని పోషింపనివాని గూర్చి పౌలు వ్రాసినది ఎంత కఠినమైనదో 1 తిమోతి 5:8లో చదువుడి. ఆ వచనము చదివిన తరువాత సాకులు వెదకనేరము.

చివరి సాకు ఇది: "నా డబ్బు, నా ఇష్టము." మన దేశపు పురాతన కథయైన భారతములో ధర్మరాజు రాజ్యమును ఒడ్డెను, తమ్ములను ఒడ్డెను, తన్ను తాను ఒడ్డెను, చివరకు ద్రౌపదిని ఒడ్డెను. తన్ను ముందుగా ఓడినవాడు తరువాత నన్నెట్లు ఒడ్డగలడని ఆమె సభవారిని ప్రశ్నించెను. పెద్దలెవరును సరియైన ఉత్తరమియ్యలేకపోయిరి. ఆ ప్రశ్న మన ఇండ్లలో ఇప్పటికిని వినబడుచున్నది. సంపాదన పురుషునిదే కావచ్చును. కాని ఇంటి జీవనమును ఒడ్డుటకు ఇంటివారు అతనికి సెలవియ్యలేదు.

4. మేము చేసిన పొరపాటు

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పు ఒప్పుకొనవలసి యున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట కొల్లేటి అంచున నున్న ఒక సంఘములో ఒక యౌవనస్థుడుండెను. చేపల చెరువు మీద కావలి పని. రాత్రులు గట్టు మీది పాకలో నలుగురు చేరి పేక ఆడుచుండిరి. తరువాత ఆట ఫోనులోనికి మారెను. ఒక సాయంకాలము ఆయన భార్య వచ్చి మా గుమ్మము దగ్గరనే నిలువబడి, "అయ్యగారూ, ఆయన్ని ఒక్క మాట మందలించండి. గ్రూపు డబ్బులు కూడా పోయాయి. రేపు మీటింగులో నేనేం చెప్పను?" అని అడిగెను.

మేము ఆయనను పిలిపించితిమి. ఆయన ఏడ్చెను. కలిసి ప్రార్థన చేసితిమి. భార్య గొలుసు విడిపించుకొమ్మని, మాకున్న కొంత సొమ్మును ఆయన చేతిలోనే పెట్టితిమి. ఆమెతో చెప్పలేదు. పురుషుని పరువు కాపాడితిమని అనుకొంటిమి. మూడు దినములలో ఆ సొమ్మును ఆటలోనికి వెళ్లెను.

ఆమె తరువాత మాతో అనిన మాట మేము మరువలేదు. "అయ్యగారూ, నన్నొక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని కదండీ." అటు పిమ్మట రెండు నెలలు ఆమె గుడికి రాలేదు. ఆ దినములలోనే, సండేస్కూలులో ప్రార్థనాంశములు అడుగగా, వారి ఏడేండ్ల కుమార్తె లేచి, "మా నాన్న ఫోను పాడైపోవాలి" అని చెప్పెను. తక్కిన పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ ఇంటిలో ఏమి జరుగుచున్నదో మాకంటె ఆ బిడ్డకు బాగుగా తెలియును.

గలతీ పత్రికలో పౌలు ఒకరి భారములు ఒకరు భరింపవలెనని చెప్పి, మూడు వచనముల తరువాత ప్రతివాడు తన బరువు తానే మోయవలెనని చెప్పుచున్నాడు (6:2, 5). ఇవి విరుద్ధములు కావు. గ్రీకు మూలములో అవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది ఒకడు మోయలేనంత భారము, రెండవది ఎవని మూట వానిది. మేము ఆయన మోయవలసిన మూటను మా మీద వేసికొంటిమి. ఆమె మోయలేని భారమును ఆమె మీదనే విడిచితిమి.

5. ఎలీషా నడిపించిన క్రమము

ఇప్పుడు పాఠ్యభాగమును మరల నిదానముగా చదువుడి. అక్కడ ఐదు సంగతులు కలవు.

మొదటిది, ఎలీషా ఆమెనే అడిగెను. తాను ఏమి చేయవలెనో చెప్పుమని ఆమెనే అడుగుచున్నాడు. జూదము ప్రవేశించిన ఇంటిలో పెద్దలు మొదట వినవలసినది ఇల్లాలి మాట. నీవు సరిగా చూచుకొననందుననే అతడు అట్లు తిరుగుచున్నాడని ఆమెను నిందించుట పాపము.

రెండవది, ఇంటిలో ఏమున్నదని అడిగెను. ఇది లెక్క. ఉన్నదియు, లేనిదియు వెలుగులోనికి రావలెను. మేమును తరువాత ఆ యౌవనస్థుని, ఆయన భార్యను, తల్లిని కూర్చుండబెట్టి ఒక నోటు పుస్తకములో అప్పులన్నియు వ్రాయించితిమి. పదకొండు పద్దులు తేలినవి. వాటిలో నాలుగు మాత్రమే ఆమెకు తెలియును. ఆ రాత్రి చాల కన్నీరు కార్చిరి గాని, ఆ రాత్రియే బాగుపడుట మొదలాయెను.

మూడవది, ఇరుగుపొరుగువారు వట్టి పాత్రలు ఇచ్చిరి. వారు నూనె ఇయ్యలేదు, డబ్బు ఇయ్యలేదు, పాత్రలు ఇచ్చిరి. సంఘము చేయదగిన సహాయము ఇట్టిది. ఆడువాని చేతిలో రొక్కము పెట్టకుడి. బియ్యము ఇండ్లకు చేర్చుడి, ఫీజు నేరుగా బడిలో కట్టుడి, అప్పు ఇచ్చినవారి యొద్దకు తోడు వెళ్లి గడువు అడుగుడి. క్రొత్త అప్పుకు హామీ సంతకము మాత్రము పెట్టకుడి.

నాల్గవది, తలుపు మూసికొమ్మని చెప్పెను. ఆ ఇంటి సంగతి ఊరికి వేడుక కాకూడదు. గుడిలో పేరు పెట్టి చెప్పుట, చెరువు గట్టున గుసగుసలాడుట మానవలెను. అయితే దెబ్బలు తగులుచున్న చోట తలుపు మూసి ఊరకుండుట ధర్మము కాదు. 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము, ఇంటి ఖర్చుకు డబ్బు లేకుండ చేయుటయు, భార్య స్త్రీధనమును అమ్మివేయుటయు హింసయే అని చెప్పుచున్నది. అట్టి అక్కచెల్లెండ్రు 181 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఐదవది, నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడని చెప్పెను. పిల్లల బ్రదుకు కూడ ఆ లెక్కలో ఉన్నది. కావున సంపాదన కొంతకాలము ఇల్లాలి చేతికి రావలెను. ఇంటి ఖర్చు తీసిన తరువాత, అప్పు కొంచెము కొంచెముగా తీరవలెను.

ఈ వ్యసనము ఒట్టులతో మాత్రమే పోవునది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022 జనవరి 1 నుండి అమలునకు తెచ్చిన రోగముల పట్టికలో, వ్యసనపు రుగ్మతలలో జూదమును ఒకటిగా చేర్చిరి. ఆపుకొనలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె దానినే ముందుంచుట, నష్టము కనబడుచున్నను మానకుండుట దాని గురుతులు. కావున వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అను ఉచిత సేవకు 14416 సంఖ్యతో ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఆడువాడే గాక, అతని భార్యయు, తల్లియు చేయవచ్చును. అమెరికా దేశములో 1957లో జూదరులు కొందరు కూడి, తమ సంగతి ఒకరితో ఒకరు దాచక చెప్పుకొనుటకు ఒక సంఘమును పెట్టుకొనిరి. తరువాత వారి ఇంటివారికి ప్రత్యేకమైన కూడికలు ఏర్పడినవి. ఇంటివారికి కూడ స్వస్థత కావలెనని వారు గ్రహించిరి.

మేము చెప్పిన ఇల్లు ఏమైనదని మీరు అడుగుదురు. అన్నియు చక్కబడినవని చెప్పజాలము. మరుసటి కనుమ దినమున ఆయన మరల బరి దగ్గరకు వెళ్లి కొంత పోగొట్టుకొనెను. అయితే ఆ రాత్రియే ఇంటికి వచ్చి, భార్యతో ఉన్నదున్నట్లు చెప్పెను. పూర్వమైన యెడల దాచియుండును. నోటు పుస్తకములో పండ్రెండవ పద్దు చేరెను. ఇప్పుడు వాటిలో ఏడు తీరినవి. ఆమె గుడికి వచ్చుచున్నది.

6. సిలువ క్రింద ఇద్దరి పనులు

యోహాను 19వ అధ్యాయములో ఒకే చోట రెండు సంగతులు జరుగుచున్నవి. సిలువ క్రింద సైనికులు ఒక అంగీ కొరకు చీట్లు వేయుచున్నారు. చావబోవు మనుష్యుని బాధ వారి కన్నులకు కనబడుట లేదు. వారి కన్ను వస్త్రము మీదనే యున్నది. వారికి కొంచెము దూరములో ఆయన తల్లి నిలిచియున్నది. మన ప్రభువు అంత వేదనలోను ఆమెను చూచి, ఆమెకు ఒక ఇల్లు ఏర్పాటు చేసెను. ఆ గడియనుండి శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను.

ఆట మనుష్యుని కన్నులను ఇంటినుండి త్రిప్పివేయును. క్రీస్తు ప్రేమ వాటిని మరల ఇంటివైపు త్రిప్పును. సహోదరుడా, ఈ సంక్రాంతికి నీ కన్నులు ఎటు చూచును?

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంటి రాబడియు అప్పులును భార్యాభర్తలిద్దరికిని తెలియునా?
2. అప్పు ఇచ్చినవారికి అబద్ధము చెప్పుమని మన పిల్లలను ఎప్పుడైన పంపితిమా?
3. మన సంఘములో ఇట్టి కష్టములో నున్న ఇంటికి మనము ఇయ్యగల "వట్టి పాత్ర" ఏది?

ప్రార్థన: తండ్రీ, దాచిన లెక్కలను వెలుగులోనికి తెచ్చుకొను ధైర్యము మాకిమ్ము. ఓడిపోయి ఇంటికి వచ్చువానికి నిజము చెప్పు నోటిని, వినువారికి ఓర్పును దయచేయుము. మా పిల్లల అన్నము ఏ బల్ల మీదను ఒడ్డబడకుండ కాపాడుము. మా తల్లుల కన్నీటిని నీవు చూచుచున్నావని మేము మరువకుండ చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.